సీసా పగలని సినిమా

చివరి సీను చదవడం అయ్యేసరికి గదిలో సగం మంది కళ్ళు తుడుచుకుంటున్నారు. ఒక్కడు మాత్రం నవ్వాడు.

పెద్ద నవ్వేం కాదు, పెదవి దాటీ దాటని నవ్వు. కానీ సరిగ్గా అప్పుడే బయట జూన్ వాన కాస్త తెరిపిచ్చింది. దాంతో ఆ నవ్వు సూటిగా వచ్చి రోసెల్ చెవిన పడింది.

స్క్రిప్టు రాసింది రోసెలే. ఆరేళ్ళుగా మనీలా టీవీ సీరియళ్ళలో ఒకరి చేత ఒకరికి చెంపదెబ్బలు కొట్టించడమే ఆమె పని. ఇరవై తొమ్మిదో ఏట, రచయిత్రిగా తన పేరు ఒక్కటే తెర మీద పడబోయే మొదటి సినిమా ఇది. ఒక తాగుబోతు బాగుపడే కథ. ఆఖర్లో హీరో హోరువానలో ఓడరేవు గట్టు మీద నిలబడి, చేతిలోని జిన్ను సీసాని రాతికేసి బద్దలు కొడతాడు. ప్రేయసి పరుగెత్తుకొచ్చి వాటేసుకుంటుంది. పాట. పాటయ్యాక నున్నగా గడ్డం గీసుకుని, తెల్లచొక్కా వేసుకుని చర్చికి వెళతాడు.

"ఎందుకు నవ్వారు?" అంది రోసెల్.

మూల కుర్చీలో కూర్చున్న మనిషి చుట్టూ చూశాడు, ఇంకెవరినో అడిగిందేమోనని. ముప్పై మూడు, ముప్పై నాలుగేళ్ళుంటాయి. గోళ్ళ కింద నల్లటి గ్రీజు.

"సారీ మేడమ్. ఆ సీసా ఖాళీదా, నిండుదా?"

"నిండుదే. అందులోనే ఉంది త్యాగమంతా."

"అందుకే నవ్వొచ్చింది. నిండు సీసా పగలగొట్టేవాడు తాగుబోతు కాదు మేడమ్, సినిమా హీరో."

ఎవరో కిసుక్కుమన్నారు. రోసెల్ చెవులు వేడెక్కాయి.

డైరెక్టర్ ఫిదెల్ గారు కల్పించుకున్నారు. "చెప్పడం మరిచాను రోసెల్. ఇతను సెల్మో. నవోతస్ రేవులో పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. పదకొండేళ్ళు తాగాడు, రెండేళ్ళ కిందట మానేశాడు. తాగుడు సీన్లలో మనకి సలహాలిస్తాడు."

"పడవల మెకానిక్కా, కథల మెకానిక్కా?" అంది రోసెల్.

"రెండింట్లోనూ పొగ ఎక్కువొస్తే లోపల ఏదో తేడా ఉన్నట్టే మేడమ్," అన్నాడు సెల్మో.

*

మర్నాడు పోట్లాడదామనే జీప్నీ బస్సెక్కి నవోతస్ వెళ్ళింది రోసెల్. చేపల వాసన, డీజిల్ వాసన కలిసిన సందు చివర రేకుల షెడ్డు. సెల్మో ఒక ఇంజను కడుపులో మోచేతుల దాకా చేతులు పెట్టి ఉన్నాడు.

"అన్నా, నా కథలో ఇంకేం తప్పులున్నాయో మొత్తం చెప్పేయండి. రాసుకుంటాను."

"కోపంగా ఉన్నారా?"

"చాలా."

"అయితే కూర్చోండి. నిలబడి కోప్పడితే కాళ్ళు నొప్పెడతాయి."

నవ్వకూడదనుకుంటూనే తిరగేసిన బకెట్ మీద కూర్చుంది.

"మీ హీరో మొదటి సీన్లోనే తూలుతూ ఇంటికొస్తాడు," అన్నాడు సెల్మో. "మేం తూలం మేడమ్. తూలితే దొరికిపోతాం. తాగని మనిషికన్నా నిటారుగా నడుస్తాం. మాటలు తడబడతాయని తక్కువ మాట్లాడతాం. సినిమాల్లో తాగుబోతులు రెండే రకాలు. నవ్వించేవాడు, వానలో ఏడ్చేవాడు. మా ఇంట్లో నన్ను చూసి ఎవరూ నవ్వలేదు. నేను ఏడ్చిన రోజు ఎండ మండిపోతోంది."

రోసెల్ కలం ఆగింది. "మరి మీరు మానేసిన రోజు ఏం జరిగింది?"

"ఏమీ జరగలేదు. పంటినొప్పి వచ్చింది. డాక్టరు మాత్ర ఇచ్చి, ఇవాళ తాగకు అన్నాడు. మర్నాడు కూడా నొప్పే. మూడో రోజు నొప్పి పోయింది, వణుకు పట్టుకుంది. చర్చి వెనక గదిలో తాగుడు మానేసినవాళ్ళు కలుస్తుంటారని తెలిసి అక్కడికి పోయాను. అంతే."

"పంటినొప్పితో సినిమా ఎలా ముగించమంటారు?"

"అది మీ కష్టం. నా పన్ను ఎప్పుడో పీకేశారు."

ఈసారి రోసెల్ ఆపుకోలేకపోయింది. నవ్వు రేకుల షెడ్డంతా మోగింది. సెల్మో తల వంచుకుని, అప్పటికే బిగించేసిన నట్టుని మళ్ళీ బిగించాడు.

*

ఆ నెలంతా వారానికి మూడు రోజులు వెళ్ళింది. సీనుకి రెండు ప్రశ్నలుండేవి, కబుర్లు మాత్రం సాయంత్రం దాకా సాగేవి. వాన వస్తే రేకుల మోతలో ఒకరి మాట ఒకరికి వినపడక దగ్గరికి జరగాల్సి వచ్చేది. జరిగాక వాన వెలిసినా ఎవరూ వెనక్కి జరిగేవారు కాదు.

"ఒక విషయం అడగనా?" అన్నాడొకరోజు సెల్మో. "వారం నుంచి 'అన్నా' అనడం మానేశారేం?"

"మరిచిపోయాను."

"సెట్టు వేసేవాళ్ళనీ, టీ పోసేవాళ్ళనీ అందరినీ అన్నా అనే పిలుస్తున్నారు. నన్నొక్కణ్ణే మరిచిపోయారా?"

"మీరు మేడమ్ అనడం మానేస్తే కారణం చెబుతాను."

"సరే, రోసెల్."

అంతే, ఆమెకి కారణం చెప్పాల్సిన అవసరం లేకపోయింది.

కానీ ఇంటికి పోయే జీప్నీలో కూర్చోగానే లెక్కలు మొదలయ్యేవి. ఈ సరదా అంతా ఎంతకాలం? రెండేళ్ళు అంటే ఎంత? వాళ్ళ నాన్న ఒకసారి పద్నాలుగు నెలలు మానేశాడు. అమ్మ కొత్త కర్టెన్లు కూడా కుట్టించింది. ఒక ఫియెస్తా పండగ రోజు మధ్యాహ్నం ఎవరో గ్లాసు అందించారు. కర్టెన్లు మాసేలోగానే ఇల్లు మళ్ళీ పాత ఇల్లయింది. రోసెల్‌కి ఇరవై రెండేళ్ళప్పుడు కాలేయం పాడై పోయాడాయన.

సెల్మో ఫోన్ ఎత్తడం ఆలస్యమైతే ఆమె వరసపెట్టి చేస్తూనే ఉండేది. గొంతు కాస్త బొంగురుగా ఉంటే జలుబా, ఇంకేదైనానా అని చెవి రిక్కించేది. ప్రేమలో పడ్డ ఆడపిల్లలు అవతలివాడి గొంతులో ప్రేమ వెతుకుతారు. ఆమె ముద్ద మాటలు వెతికేది.

ఒక రోజు షెడ్డులో అతని ప్లాస్టిక్ గ్లాసు బల్ల మీద ఉంది. కలమాన్సీ నిమ్మకాయల రసం. అతను చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. రోసెల్ గ్లాసు తీసి ముక్కు దగ్గర పెట్టుకుంది. దించేసరికి సెల్మో గుమ్మంలో తువ్వాలు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"నిమ్మకాయేనా?" అన్నాడు మెల్లగా.

ఆమె గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"అడిగితే చెప్పేవాణ్ణి."

"మా నాన్న కూడా అడిగితే చెప్పేవాడు," అనేసింది. "ఎప్పుడడిగినా నిమ్మకాయే అనేవాడు."

సెల్మో తువ్వాలు మేకుకి తగిలించాడు. తర్వాత ఆమే మొదలుపెట్టింది. "నువ్వు నవ్విన సీను ఉందే, అది నేను సినిమా కోసం రాయలేదు. పన్నెండేళ్ళప్పటి నుంచి కంటున్నాను ఆ కల. మా నాన్న వీధిలోకొచ్చి సీసా పగలగొడతాడనీ, చుట్టుపక్కల వాళ్ళంతా చూస్తారనీ, ఆ రోజుతో అయిపోతుందనీ."

సెల్మో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"తెలిస్తే నవ్వేవాణ్ణి కాదు," అన్నాడు. "కానీ ఒక మాట చెబుతాను, కోప్పడకు. నీ సినిమాలో వాడు పిల్ల కోసం మానేస్తాడు. నేను నీ కోసం మానను రోసెల్. నీ కోసం మానేస్తే, నీతో పోట్లాడిన రోజు నీ మీద కోపంతో తాగుతాను. అప్పుడు సీసా నా చేతిలో ఉన్నా, నేరం నీ మెడకి చుట్టుకుంటుంది. నా తాగుడు నాకే వదిలెయ్. వాసన చూసే ఉద్యోగం నీకొద్దు."

అందులో ప్రేమ ఉందో, తలుపు మూసిన చప్పుడు ఉందో ఆమెకి అర్థం కాలేదు. ఇంటికొచ్చి ఓడరేవు సీను కొట్టేసింది. దాని చోట ఏం రాయాలో మాత్రం తోచలేదు.

*

షూటింగ్ నవోతస్‌లోనే, ఒక చిన్న సారాదుకాణం సెట్లో మొదలైంది. హీరో రెంజో మంచి నటుడే, కానీ ఉత్సాహం పాలు ఎక్కువ. పొద్దున్నించీ గ్లాసు పట్టుకుని ఊగిపోతున్నాడు. ఫిదెల్ గారు విసిగిపోయి, "సెల్మో, నువ్వొకసారి చేసి చూపించు," అన్నారు.

సెల్మో రెంజో కుర్చీలో కూర్చున్నాడు. ఎదుటి గ్లాసుని వెంటనే ముట్టుకోలేదు. ముందు దుకాణమంతా చూశాడు, తనకి ఆ గ్లాసుతో సంబంధమే లేనట్టు. తర్వాత నీళ్ళు తాగేవాడిలా తీరిగ్గా ఎత్తాడు. అచ్చం నాన్నే, అనుకుంది రోసెల్.

గ్లాసు పెదాలకి తగిలింది. గుటక పడింది. అంతలోనే సెల్మో ముఖం పాలిపోయింది. నోట్లో మిగిలింది తుపుక్కున ఉమ్మేసి, బల్ల పట్టుకుని లేచాడు.

"ఇది నీళ్ళు కాదు," అన్నాడు.

రెంజో నాలుక్కరుచుకున్నాడు. "అయ్యో! నేనే పోయించాను భాయ్. సీన్లో నిజంగా తాగితే సహజంగా వస్తుందని... నువ్వు తాగుతావని నాకేం తెలుసు?"

సెల్మో రోసెల్ వైపు ఒక్కసారి చూశాడు. ఆ చూపులో భయం తప్ప ఇంకేం లేదు. గబగబా బయటికి నడిచాడు. చాలా నిటారుగా నడిచాడు.

ఆమె వెనకే పరుగెత్తింది. సందు మలుపులో చేపల బండ్లు అడ్డమొచ్చాయి. అవి కదిలేసరికి అతను లేడు. ఫోన్ చేస్తే స్విచాఫ్.

మధ్యాహ్నం రెండు. షెడ్డుకి తాళం. అద్దెగది తలుపు కొట్టింది, పలకలేదు. ఆ పేటలో కిరాణా కొట్లకి లెక్కలేదు, ప్రతి కొట్లోనూ సబ్బుల పక్కన జిన్ను సీసాలే. ప్రతి అరుగు మీదా నలుగురు మగవాళ్ళు, మధ్యలో ఒకే గ్లాసు. ప్రతి గుంపు దగ్గరా ఆగి ముఖాలు చూసింది.

"ఎవరు కావాలమ్మా? మొగుడా?" అన్నాడొకడు.

"కాదు."

"అయితే వెతకడం దేనికి? కూర్చో, ఒక గుక్క వేసుకో!"

అందరూ నవ్వారు. చిన్నప్పుడు అమ్మ చెయ్యి పట్టుకుని ఇలాగే అరుగు అరుగుకీ తిరిగింది. అప్పుడూ ఇలాగే నవ్వారు. నడిరోడ్డు మీద నిలబడి తనని తాను అడిగింది: నాకిది కావాలా? జీవితమంతా ఇలా ముఖాలు చూస్తూ తిరగాలా? ఇప్పుడే జీప్నీ ఎక్కి ఇంటికి పోతే ఎవరు తప్పు పడతారు?

జీప్నీ వచ్చింది. ఆగింది. "ఎక్కుతారా?" అన్నాడు డ్రైవరు. ఆమె తల అడ్డంగా ఊపింది. అప్పుడు గుర్తొచ్చింది, తను సీసాలున్న చోట్లే వెతుకుతోందని. చర్చి వెనక గది సంగతి ఆలోచించనే లేదు.

*

గది తలుపు తెరిచే ఉంది. లోపల వంటింట్లో ఒక పెద్దావిడ కోడి గంజి కలుపుతోంది. బల్ల ముందు సెల్మో వెల్లుల్లి ఒలుస్తున్నాడు. అతని ముందు తెల్లటి గుట్ట. ఊరి పెళ్ళికి సరిపోయేంత వెల్లుల్లి.

"వచ్చావా?" అంది పెద్దావిడ, ఎప్పటి నుంచో ఎదురుచూస్తున్నట్టు. "నేను పాసింగ్ పెద్దమ్మని. వీడి ఫోన్ నా దగ్గరుంది. ఎవడో ఒకడు ఫోన్ చేసి రమ్మంటాడని నేనే లాక్కున్నాను. నీకు కబురు చెయ్యాలని తోచలేదు. తప్పు నాదే తల్లీ."

రోసెల్ గోడకి ఆనుకుంది.

"తాగావా?"

"సెట్లో మింగిందే. ఉమ్మేలోపే సగం దిగిపోయింది," అన్నాడు సెల్మో, తలెత్తకుండా. "ఎంత తియ్యగా దిగిందో తెలుసా? రెండేళ్ళూ అది నా కోసం గొంతులోనే కాచుక్కూచున్నట్టుంది. బయటికొచ్చాక మూడు కొట్లు దాటాను. నాలుగో దాని దగ్గర ఆగాను. చెయ్యి జేబులోకి పోయింది. అక్కడి నుంచి పరుగే."

"మూడింటి నుంచి ఒలుస్తూనే ఉన్నాడు," అంది పాసింగ్ పెద్దమ్మ. "రేపు కూడా వెల్లుల్లి గంజే అందరికీ."

రోసెల్‌కి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. బల్ల దగ్గర కూర్చుని ఒక పాయ అందుకుంది.

"ఇంటికెళ్ళు రోసెల్," అన్నాడు సెల్మో. "చూశావుగా. ఎవడో గ్లాసు మారిస్తే చాలు, నేను ఇంతే. నీకు ఇదంతా కొత్త కాదు. మళ్ళీ ఎందుకు?"

"జీప్నీ వచ్చింది. ఎక్కలేదు."

"భయం లేదా?"

"చచ్చేంత భయం. ఇప్పుడూ ఉంది, పొద్దున లేచినా ఉంటుంది. కానీ మా నాన్న నాలుగో కొట్టు దగ్గర ఎప్పుడూ పరుగెత్తలేదు." వెల్లుల్లి పొట్టు వేళ్ళకి అంటుకుంది. "నా కోసం మానొద్దన్నావు. సరే, మానకు. నేనూ నిన్ను బాగుచెయ్యడానికి రాలేదు. నువ్వంటే ఇష్టమై వచ్చాను. ఆ రెండూ వేరని నాకే ఇవాళ తెలిసింది."

సెల్మో చేతిలోని పాయ జారి పడింది. "ఇది... ఇష్టమని చెప్పడమేనా?"

"రచయిత్రిని. ఇంతకన్నా స్పష్టంగా రాయడం రాదు."

"నాకూ ఇష్టమే," అన్నాడతను. కళ్ళు తుడుచుకోబోయి వెల్లుల్లి చేతులతోనే రుద్దుకున్నాడు. ఇక చూడండి, ఐదు నిమిషాలు కళ్ళు తెరవలేకపోయాడు.

"ప్రేమంటే ఏడుపేనా ఎప్పుడూ?" అంటూ పెద్దమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చింది.

*

రోసెల్ కొత్త సీను రాసింది. హీరో సబ్బు కొనడానికి కొట్టుకెళతాడు. సబ్బు పక్కన సీసాలు. కొట్టువాడు అలవాటుగా సీసా మీద చెయ్యేస్తాడు. హీరో చాలాసేపు చూస్తాడు. "సబ్బొక్కటే," అంటాడు. ఇంటికెళ్ళి స్నానం చేస్తాడు.

నిర్మాత మేడమ్ లుర్దెస్ చదివి కాగితం బోర్లించింది. "ఇందులో ఏం జరిగింది? ఏమీ జరగలేదు!"

"అదేనండీ జరగాల్సింది," అన్నాడు సెల్మో.

"జనం కొట్టులో సబ్బు కొనుక్కోలేరా? దానికి టికెట్టెందుకు? నాకు వాన కావాలి, సీసా పగలాలి."

అనుకోకుండా రెంజో నోరు విప్పాడు. ఆ రోజు నుంచి అతను సెల్మో ముఖం చూడలేకపోతున్నాడు. క్షమాపణ అడిగితే సెల్మో "నీళ్ళే అనుకున్నాను, నాదీ తప్పే" అని భుజం తట్టాడు. ఆ తట్టడం అతనికి తిట్టుకన్నా ఎక్కువ తగిలింది.

"మేడమ్, సబ్బు సీను నేను చేస్తాను," అన్నాడు. "ఆ మనిషి ముఖం నేను దగ్గర నుంచి చూశాను. వాన అక్కర్లేదు."

మేడమ్ సగం ఒప్పుకుంది. పోస్టర్ మీద మాత్రం వాన పడింది.

*

ఇక మిగిలింది రోసెల్ వాళ్ళ అమ్మ. కొన్సెసా గారి మాట మొదటి నుంచీ ఒకటే: "ఒక తాగుబోతుకి ఇరవై ఏళ్ళు వండాను. ఇంకొకడికి పళ్ళెం పెట్టను."

"ఒక్కసారి చూడమ్మా."

"చూస్తాను. నాన్న పేరున ఏటా చేసే ప్రార్థన రోజు రమ్మను. బాబాయిలంతా వస్తారు. అక్కడ తెలుస్తుంది ఎవడెంతో."

ఆ శనివారం మధ్యాహ్నం ప్రార్థన కాగానే పెరట్లో బల్ల వేశారు. తాగి పోయినవాడి పేరు మీద ఆయన తమ్ముళ్ళు తాగడానికి కూర్చున్నారు. ఒకే గ్లాసు చుట్టూ తిరుగుతోంది. తిరిగి తిరిగి సెల్మో ముందు ఆగింది.

"నాకు పడదు బాబాయ్," అన్నాడు సెల్మో.

"పడకపోవడమేంట్రా? పోయినాయన మీద గౌరవం లేదా? ఒక్క గుక్క! మగాడివేనా?"

గుమ్మంలో రోసెల్ పాన్సిత్ నూడుల్స్ పళ్ళెం పట్టుకుని నిలబడిపోయింది. నోటిదాకా వచ్చింది, 'వద్దు బాబాయ్' అని. పెదవి కరుచుకుని ఊరుకుంది.

సెల్మో గ్లాసు అందుకున్నాడు. అతను దాన్ని తిన్నగా పక్కనున్న బాబాయి చేతిలో పెట్టాడు.

"నా ఒక్క గుక్క పోయిన నెలే అయిపోయింది బాబాయ్. ఆ గుక్కతో సాయంత్రం దాకా వెల్లుల్లి ఒలిచాను. మళ్ళీ ఒలిచే ఓపిక లేదు."

బాబాయిలకి ఏమీ అర్థం కాలేదు, అర్థం కాకపోయినా నవ్వారు. గ్లాసు ముందుకి సాగింది. బల్ల కింద సెల్మో మోకాళ్ళు వణకడం రోసెల్‌కి కనపడింది. వంటింటి కిటికీలోంచి వాళ్ళ అమ్మకీ కనపడింది.

కాసేపటికి కొన్సెసా గారు అతన్ని లోపలికి పిలిచింది. కూర్చోమనలేదు.

"మానేశావా?"

"ఇవాళ తాగలేదండీ," అన్నాడు సెల్మో. "అంతవరకే చెప్పగలను."

"రేపు?"

"తెలీదండీ. తాగకూడదనే ఉంది."

ఒక్క మాట, ఒక్క ఒట్టు వేస్తే ఏం పోయింది! అమ్మ ముఖం చూడలేక రోసెల్ నేల చూసింది.

కొన్సెసా గారు చేతిలో తుడుస్తున్న పళ్ళాన్ని తుడిచిందే తుడిచింది.

"మా ఆయన జన్మలో తాగనని నా మీద ఒట్టేసేవాడు," అంది చివరికి. "మేరీమాత మీద, పిల్ల మీద కూడా వేసేవాడు. ఆ ఒట్లతో ఇల్లు నిండిపోయింది. ఇవాళ తాగలేదని మాత్రం ఒక్క రోజైనా చెప్పలేకపోయాడు."

ఆ పళ్ళెంలో అన్నం పెట్టి, వేయించిన చేప పెట్టి, సెల్మో చేతికిచ్చింది.

"తిను. రేపు ఆదివారం, చింతపండు పులుసు చేస్తాను. రేపు కూడా రా."

రోసెల్ అడగకుండా ఉండలేకపోయింది. "మరి ఎల్లుండమ్మా?"

"ఎల్లుండి సంగతి నన్నెందుకడుగుతావే?" కసిరింది కొన్సెసా గారు. "రేపు తిన్నాక వాణ్ణే అడుగుదాం."